చాటలో రాయి, వాకిట్లో కారు

పెద్దపల్లి చుట్టుపక్కల పెరిగినవాళ్లకు రైసు మిల్లు చప్పుడు, ఊక వాసన పుట్టినప్పటి నుంచీ తెలిసినవే. ఇన్ని మిల్లులున్న చోట కూడా మా అమ్మ మధ్యాహ్నం గడప దగ్గర కూచుని, చాటలో బియ్యం పోసుకుని రాళ్లూ మెరిగెలూ ఏరేది. ఆ చాట నోబెల్ బహుమతి దాకా వెళ్లిన ఒక వ్యాసంలో ఉందని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

1970లో జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికశాస్త్రవేత్త పాత కార్ల బజారు మీద పదమూడు పేజీల వ్యాసం అచ్చువేశాడు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. 2001లో ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టింది ఆ వ్యాసమే. దాని పేరులో ‘లెమన్’ ఉంది. అమెరికా వాడుకలో లెమన్ అంటే పైకి నిగనిగలాడుతూ లోపల ఏదో రోగమున్న కారు. అకర్లాఫ్ 1967-68లో ఢిల్లీలో ఉన్నాడు. అందుకే కాబోలు, కార్ల గురించి చెబుతూ చెబుతూ ఇండియా బజారు బియ్యంలోకి వచ్చేశాడు. గింజ రంగులో, గింజ ఆకారంలో ఉన్న రాళ్లను కావాలనే కలుపుతారనీ, ఇల్లాళ్లు కూచుని ఏరుకోవాల్సి వస్తుందనీ రాశాడు.

ఆయన చెప్పిన అసలు సంగతి చిన్నదే. సరుకులో ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. బియ్యమైతే చాట ఉంది. పన్నెండు లక్షలు పోసి కొన్న కారును ఏ చాటలో పోసి చెరగాలి? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి నడిస్తే నేను తేలింది ఎడ్ల అంగడిలో.

మా తాత ఎడ్లు కొనే పద్ధతి చెప్పేవాడు. పళ్లు చూడాలి, సుడులు చూడాలి, నడిపించి చూడాలి. బేరం కుదిరితే బయానా ఇవ్వాలి. కానీ అంగడిలో ఎద్దు నడక వేరు, చెలకలో నడక వేరు. అందుకే నమ్మకస్తుడైన అమ్మకందారు, “నాలుగు రోజులు అరకకు కట్టి చూసుకో పటేలా, ఐబు ఉంటె తోలుకరా” అనేవాడట. ఆ నాలుగు రోజుల మాట వట్టి మంచితనమని నేను చాలాకాలం అనుకున్నాను. దాని వెనక రెండు వేల ఏళ్ల చట్టం ఉంది.

క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి యాజ్ఞవల్క్య స్మృతి, కొన్న సరుకును పరీక్షించుకోవడానికి గడువులు ఇచ్చింది. విత్తనాలకు పది రోజులు. ఇనుముకు ఒక్క రోజు. బరువు లాగే పశువుకు అయిదు రోజులు. రత్నాలకు ఏడు. పాడి పశువుకు మూడు. ఒక్కో అంకె వెనక ఎంత అనుభవముందో చూడండి. విత్తనం మొలకెత్తేదీ లేనిదీ పది రోజుల్లో తేలిపోతుంది. పాలు ఎన్ని ఇస్తుందో మూడు రోజులు పిండితే తెలుస్తుంది. ఎద్దు బద్ధకం బయటపడాలంటే అయిదు రోజులు పని చేయించాలి. లోపం ఎప్పుడు పైకి తేలుతుందో అంతవరకే గడువు. అదే జాబితాలో దాసులకూ దాసీలకూ కూడా రోజులున్నాయి. మనుషుల్ని ఎద్దుల పక్కన నిలబెట్టిన ఆ మాట దగ్గర మనసు కలుక్కుమంటుంది. ఆ చట్టంలో తెలివి ఉంది, ఆ పాపమూ ఉంది. రెండూ చెప్పుకోవాలి.

నారద స్మృతి ఇంకో మెట్టు ఎక్కింది. కొన్న వస్తువు నచ్చకపోతే ఆ రోజే, చెడకుండా తిరిగి ఇచ్చేయవచ్చు. రెండో రోజు ఇస్తే ధరలో ముప్పయ్యో వంతు వదులుకోవాలి. మూడో రోజైతే దానికి రెట్టింపు. మంచి సరుకు చూపించి చెడ్డది అంటగట్టినవాడు కొన్నవాడికి రెట్టింపు ఇచ్చుకోవాలి, రాజుకు అంతే జరిమానా కట్టాలి. కౌటిల్యుడైతే కొనుగోలు రద్దుకు వర్తకుడికి ఒక రోజు, సేద్యగాడికి మూడు రోజులు, పశువుల కాపరికి అయిదు రోజులు ఇచ్చాడు. బజారు లోగుట్టు తెలిసినవాడికి తక్కువ గడువు, తెలియనివాడికి ఎక్కువ. అకర్లాఫ్ చెప్పింది ఇదే కదా!

ఈ స్మృతులు ఎక్కడో ఉత్తరాదిన ఉండిపోలేదు. యాజ్ఞవల్క్యానికి ‘మితాక్షర’ అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడి ఆస్థానంవాడు. 1076 నుంచి 1126 దాకా ఏలిన రాజు ఆయన. ఆ కల్యాణి నేటి బీదర్ జిల్లా బసవకల్యాణ్. మన వేములవాడ, పొలవాస సీమలు కూడా అప్పుడు ఆ రాజ్యం కిందివే. ఆ మితాక్షరనే పదమూడో శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. న్యాయశాస్త్రం తెలుగులో చదువుకోవచ్చని ఏడు వందల ఏళ్ల కిందటే ఒక కవి నిరూపించాడు. ఈనాడు కారుతో పాటు చేతికిచ్చే వారంటీ పుస్తకం ఎన్ని ఇళ్లలో తెలుగులో ఉంది? పోగొట్టుకున్నదాని లెక్క ఇక్కడే మొదలవుతుంది.

ప్రాచీన రోములో ఇలా కొన్నవాడికి గడువులు పెట్టే పని బజారు అధికారులు చేశారు. దాసులను, పశువులను అమ్మేవాడు రోగమో లోపమో ఉంటే ముందే చెప్పాలని శాసించారు. చెప్పకపోతే ఆరు నెలల్లోపు సరుకు తిప్పి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు, లేదా ఏడాదిలోపు ధర తగ్గించమని అడగవచ్చు. నాకు తెలియదని అమ్మినవాడు తప్పించుకునే వీల్లేదు.

ఆ తర్వాతి శతాబ్దాలను గబగబా దాటేద్దాం. మన వైపు సుల్తానులు, నిజాములు వచ్చారు. వాళ్లతో వచ్చిన ఇస్లామిక్ న్యాయంలో లోపమున్న సరుకును తిప్పి ఇచ్చే హక్కుకు ‘ఖియార్-ఉల్-ఐబ్’ అని పేరు. తాత నోట విన్న ‘ఐబు’ ఆ మాటే. బయానా కూడా అమ్మకం అనే అర్థమున్న అరబీ మాటలోంచి పుట్టిందే. చట్టాలు మారినా ఆ మాటలు అంగడిలో నిలిచిపోయాయి.

దెబ్బ పడింది ఇంగ్లండు న్యాయంతో. 1603లో అక్కడ ఒక కంసాలి నూరు పౌన్లకు ఒక రాయి అమ్మాడు. అది బెజోర్ రాయి అన్నాడు. జంతువు కడుపులో పుట్టి విషం విరుస్తుందని నమ్మే రాయి, మన గోరోచనానికి దగ్గరి చుట్టం. తీరా చూస్తే అది కాదు. కొన్నవాడు కోర్టుకెక్కితే, అమ్మినవాడు ‘అన్నాడు’ గానీ ‘హామీ’ ఇవ్వలేదు కదా అని కేసు కొట్టేశారు. చూసుకుని కొనాల్సింది కొనేవాడే అన్న సూత్రం అలా కుదురుకుంది. 1893 నాటి ఇంగ్లండు చట్టం, దాని అడుగుజాడల్లో వచ్చిన మన 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ఆ సూత్రాన్ని కొంత మెత్తబరిచాయి. 1930 చట్టం 16వ సెక్షన్ కూడా, సరుకు మంచిదై ఉండాలన్న పూచీ ఎప్పుడెప్పుడు ఉంటుందో చెప్పింది గానీ రోజులు చెప్పలేదు.

కార్లు వచ్చాక కథ మళ్లీ మలుపు తిరిగింది. అమెరికాలో ఒక బ్యూక్ కారు చెక్క చక్రం విరిగి యజమాని గాయపడ్డాడు. అమ్మింది డీలరే, మాకేం సంబంధమని కంపెనీ వాదించింది. చెల్లదని 1916లో న్యూయార్క్ జడ్జి కార్డోజో తీర్పు రాశాడు. 1955లో న్యూజెర్సీలో ఒకాయన మాతృదినోత్సవానికి భార్యకు కొత్త ప్లిమత్ కొనిచ్చాడు. 468 మైళ్లు తిరిగేసరికి స్టీరింగు అదుపు తప్పి కారు గోడను గుద్దింది. కాగితం వెనక చీమతలకాయంత అక్షరాల్లో రాసుకున్న షరతులు కంపెనీని కాపాడలేవని 1960లో కోర్టు తేల్చింది. 1982లో కనెక్టికట్ రాష్ట్రం మొదటి లెమన్ చట్టం చేసింది. ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా పోకపోతే, లేదా మొత్తం ముప్పయి రోజులు కారు షెడ్డులోనే ఉంటే, కారు మార్చాలి లేదా డబ్బు వెనక్కివ్వాలి. ఇప్పుడు యాభై రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలున్నాయి. కాలిఫోర్నియాలో మొదటిసారి రిపేరుకు తెచ్చేనాటికి తిరిగిన మైళ్లను 1,20,000తో భాగించి ఆ మేరకు ధరలో కోత వేస్తారు. నారదుడి ముప్పయ్యో వంతు గుర్తుకు రావడం లేదూ?

మన దేశంలో కార్ల కోసం విడిగా లెమన్ చట్టం లేదు. ఉన్నది 1986లో పుట్టి, 2019లో కొత్తగా రాసి, 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం. లోపం సరిచేయించడం, కారు మార్పించడం, వడ్డీతో డబ్బు ఇప్పించడం, నష్టపరిహారం, అన్నీ అందులో ఉన్నాయి. లేనిది అంకె. ఎన్నిసార్లు షెడ్డుకు వెళ్తే చాలో రాయలేదు. అందువల్ల తయారీ లోపమని చూపించే భారం కొన్నవాడి మీదే పడుతోంది. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీలో భాగాలు మారుస్తామని ఉంటే కారంతా మార్చమని అడగలేరంది. 2010లో ఫియట్ కారు కేసులో మాత్రం, స్వతంత్ర నిపుణుడితో పరీక్ష చేయించి తయారీ లోపం తేలితే ధర తిరిగి ఇవ్వాలంది.

గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసే మా బావ కొత్త కారు కొన్నాడు. రెండో గేరు పడేది కాదు. ఆరుసార్లు వర్క్‌షాపుకు తోలాడు. ప్రతిసారీ “అంతా మంచిగనే ఉంది సార్” అని తాళం చేతిలో పెట్టారు. ఆయన దగ్గర మిగిలింది ఒక్క జాబ్ కార్డు. మిగతావి కారులోనే పెట్టి పారేసుకున్నాడు. ఆరుసార్లు వెళ్లాడని నిరూపించే దారిలేక, చివరికి నష్టానికి అమ్ముకున్నాడు. సింగరేణిలో ఇరవై ఏళ్లు ఒక్క రోజు హాజరు తప్పని మనిషికి, తన కారు షెడ్డులో ఎన్ని రోజులు హాజరైందో చెప్పే కాగితం లేకపోయింది.

ఎద్దుకు అయిదు రోజులని రాయగలిగిన నేల మీద కారుకు ఒక అంకె రాయడం అసాధ్యమేమీ కాదు. పార్లమెంటు ఆ పని చేయాలి. ఇన్నిసార్లు రిపేరు, ఇన్ని రోజులు షెడ్డు అని తేల్చేస్తే బావలాంటి వాళ్లు నిపుణుల చుట్టూ తిరగాల్సిన పని ఉండదు.

అంతవరకు చేయాల్సింది మనం చేద్దాం. తాళం చేతికొచ్చిన రోజే ఒక ఫైలు పెట్టండి. షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ జాబ్ కార్డు మీద మీ మాటల్లోనే ఫిర్యాదు రాయించండి, తేదీ, తిరిగిన కిలోమీటర్లు వేయించండి. డీలరుతో పాటు కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలపండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తీరకపోతే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. కారు ఎక్కడ కొన్నా, మీరుండే చోటే వేయవచ్చు. మా ఉమ్మడి జిల్లా కమిషన్ కరీంనగర్‌లో ఉంది. యాభై లక్షల లోపు ధరకు అదే చాలు. కారు ధర అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, పది నుంచి ఇరవై లక్షల మధ్య అయితే నాలుగు వందల రూపాయలు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఆ ఫైలే మీ చాట.