పులుసుకి వేలువిడిచిన చుట్టం

మొన్న శనివారం ఇంట్లో చొప్పీనో వండాను. ఉల్లి, వెల్లుల్లి, టమాటా ఉడికాక పీత, రొయ్యలు, చివర్న చేపముక్కలు. అమ్మ గిన్నెలోకి తొంగిచూసి, "చేపల పులుసే కదరా, చింతపండేదీ?" అంది. వైన్ పోశానని చెప్పే ధైర్యం లేక దాని కథ ఎత్తుకున్నాను.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇటలీ నుంచి, ముఖ్యంగా జెనోవా వైపు నుంచి వలసొచ్చిన జాలర్లు శాన్ ఫ్రాన్సిస్కోలోని నార్త్ బీచ్‌లో స్థిరపడ్డారు. వాళ్ళ వైపు 'చుప్పిన్' అనే చేపల పులుసుంది. ఇక్కడ వలలో పడిన వాటితో, ముఖ్యంగా డంజెనెస్ పీతతో, అదే వండుకున్నారు. తలా ఓ చేప "చిప్ ఇన్" చేస్తే ఆ పేరొచ్చిందనేది పుక్కిటి పురాణమే. 1901లో 'శాన్ ఫ్రాన్సిస్కో కాల్' పత్రిక దీన్ని 'చెస్పీని' అని అచ్చేసింది. 'చొప్పీనో' అన్న పేరు 1906లో, ఆ ఏటి భూకంపంలో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ సహాయార్థం వేసిన వంటల పుస్తకంలో కనిపిస్తుంది.

"అయితే వాళ్ళూ ఊరొదిలి వచ్చినవాళ్ళేనన్నమాట" అంది అమ్మ.

అన్నట్టు, టమాటా, మిరపకాయ రెండూ కొలంబస్ తర్వాతే సముద్రం దాటి ఇటలీకీ మనకీ చేరాయి. చింతచెట్టు పుట్టిల్లు కూడా ఆఫ్రికాయే. కాబట్టి దినుసుల గురించి నాకంత బెంగలేదు. నా బెంగల్లా పేరు గురించే. మా అమ్మాయి ఇప్పటికే పులుసుని "ఫిష్ సూప్" అంటోంది. చుప్పిన్‌కి వంకరపోయినా పేరు మిగిలింది. మన పులుసుకి ఆ మాత్రమైనా మిగులుతుందంటారా?