తల్లి మొక్క (గంజాయి)

ఇంటి లోపలి గంజాయి సాగులో పూతకు వదలకుండా, కొమ్మలు కోసుకోవడానికే పెంచే ఆడ మొక్కను తల్లి మొక్క అంటారు. గంజాయిలో సాధారణంగా ఆడ, మగ మొక్కలు వేరు. మామూలు విత్తనం నాటితే ఏది మొలుస్తుందో ముందుగా తెలియదు. ఆడ మొక్క కొమ్మకు వేళ్లు పట్టిస్తే మాత్రం తల్లి జన్యువులే ఉన్న ఆడ మొక్క వస్తుంది, అదే క్లోన్. చాలా రకాలు రాత్రి నిడివి పెరిగితే పూతకొస్తాయి కనుక తల్లికి రోజుకు 18 గంటల వెలుగిచ్చి ఆకు దశలోనే నిలుపుతారు. చోటు తక్కువైనవారు బోన్సాయ్ తరహాలో కొమ్మలనూ వేళ్లనూ కత్తిరిస్తూ చిన్న కుండీలోనే ఉంచుతారు.

అందరూ తేలిగ్గా తీసుకునే ప్రమాదం తెగులు. తల్లికి సోకితే క్లోన్లకూ వస్తుంది. 2019లో కాలిఫోర్నియా గంజాయి మొక్కల్లో గుర్తించిన హాప్ లేటెంట్ వైరాయిడ్ అనే రోగకారకం పైకి లక్షణాలు కనబడకుండానే ఉండగలదు, కత్తెర ద్వారానూ పాకుతుంది. శుభ్రమైన పనిముట్లు, ప్రయోగశాల పరీక్ష లేనిదే తల్లి మొక్కను నమ్మడానికి వీల్లేదు.

చట్టం విషయానికొస్తే, కెనడా 2018 అక్టోబరు 17 నుంచి ఇంటికి 4 మొక్కలు అనుమతించింది. అయితే అక్కడి క్యుబెక్ రాష్ట్రం ఇంటి సాగును నిషేధించగా, 2023లో కెనడా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. భారతదేశంలో మాదకద్రవ్యాల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం అనుమతి లేని గంజాయి సాగుకు 10 ఏళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.