ఇద్దరు భాయీల వైరస్, ఇద్దరు భాయీల ఇలాజ్

కైకలూరు దగ్గర మా దూల్హాభాయి వాళ్లింట్లో వైరస్ అంటే చాలాకాలం ఒకటే అర్థం, రొయ్యలకి వచ్చేది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ కోస్తా చెరువుల్ని ఊడ్చేసినప్పటి నుంచీ కొల్లేటి చుట్టుపక్కల ఆ మాటంటేనే హడల్. 2007లో ఏలూరులో మా ఇంటికి మొదటి కంప్యూటర్ వచ్చింది. కొన్ని నెలలకే దానికి వైరస్ పట్టిందని ఫోన్లో చెబితే దూల్హాభాయి అడిగిన మొదటి సవాల్: "సీడ్ ఎక్కడ తెచ్చారు?"

రొయ్యపిల్లని సీడ్ అంటారు. హేచరీలోనే రోగం అంటిన పిల్లని తెచ్చి వదిలితే, ఆ తర్వాత చెరువులో ఎన్ని మందులు కలిపినా బేకార్. ఆ రోజు నవ్వేశాను. మొన్న తాడేపల్లిగూడెం నిట్‌లో చేరిన మా భాంజా లాప్‌టాప్ కొని, "మామూ, యాంటీవైరస్ ఏది వేయమంటారు?" అని అడిగితే, నా నోటి వెంట వచ్చింది కూడా అదే సవాల్.

మా సీడ్ సంగతి చెబుతాను. ఆర్.ఆర్.పేటలో ఒక దుకాణంలో విడిభాగాలు కొని బిగించిన డబ్బా మాది. విండోస్ ఎక్స్‌పీ, ఆఫీస్, ఫోటోషాప్, తెలుగుకి అను ఫాంట్లు, ఉర్దూకి ఇన్‌పేజ్. అన్నీ ఆ కుర్రాడి సీడీల సంచిలోంచే వచ్చాయి, ఒక్కదానికీ రసీదు లేదు. "యాంటీవైరస్ కూడా ఫుల్ వెర్షనే వేశానన్నా" అన్నాడు. అంటే దాని తాళం కూడా పగలగొట్టిందే. చౌకీదార్‌ని కూడా చోరీ చేసి తెచ్చుకున్నామన్నమాట. వడ్డీ విషయంలో, మాంసం విషయంలో అంత ఎహతియాత్ పాటించే మా అబ్బా కూడా ఆ సీడీల గురించి ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు.

ఇన్‌పేజ్ అబ్బా కోసమే వేయించాం. తంగెళ్లమూడిలో కాలీన్లు నేసిన బుజుర్గుల దగ్గర కూర్చుని, పర్షియా నుంచి వచ్చిన హునర్ అని వాళ్లు చెప్పుకునే ఆ పని గురించి ఆయన ఏళ్ల తరబడి రాసుకున్నారు. ముడుల పేర్లు, ఉన్నికి రంగులెక్కించే నుస్ఖాలు, ఏ ఇంట్లో ఎన్ని మగ్గాలుండేవో. అదంతా రెండు వేళ్లతో టైప్ చేయడం మొదలుపెట్టారు. తెర మీద నస్తాలీఖ్ అక్షరాలు వాలుగా పడుతుంటే పిల్లాడిలా మురిసిపోయేవారు.

ఇక్కడ తారీఖ్ ఒక మజాక్ చేసింది. పీసీలకి పట్టిన మొదటి వైరస్‌గా లెక్కించే 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో పుట్టింది. ఊళ్లో చోటు పేరు చూడండి: అల్లామా ఇక్బాల్ టౌన్, నిజాం బ్లాక్. రాసినవాళ్లు బాసిత్ ఫారూఖ్ అల్వీ, అంజద్ ఫారూఖ్ అల్వీ, సగే భాయీలు. వైద్యానికి పనికొచ్చే ఒక ప్రోగ్రామ్ వాళ్లు తయారు చేస్తే, జనం పైసా ఇవ్వకుండా కాపీ కొట్టుకుంటున్నారు. వాళ్ల ఆట కట్టించడానికి ఫ్లాపీ బూట్ సెక్టార్‌లో, అంటే కంప్యూటర్ మొట్టమొదట చదివే చోట, ఈ బుల్లి ప్రోగ్రామ్‌ని కూర్చోబెట్టారు. అది ముఖం చాటేసుకునే రకం కాదు. దుకాణం పేరు, పూరా పతా, ఫోన్ నంబర్లు లోపలే రాసిపెట్టి, వ్యాక్సిన్ కావాలంటే తమని కలవమంది. మర్జ్ వాళ్లదే, దవాఖానా వాళ్లదే. అది అమెరికా యూనివర్సిటీల దాకా పాకింది. 2011లో ఫిన్లాండ్ నిపుణుడు మిక్కో హిప్పొనెన్ ఆ పతా పట్టుకుని వెళ్లి తలుపు తడితే, పాతికేళ్ల తర్వాత కూడా ఆ భాయీలు అక్కడే ఉన్నారు, ఇంటర్నెట్ కంపెనీ నడుపుకుంటూ!

చోరీని పట్టుకోవడానికి పుట్టిన వైరస్ అది. దాని ఔలాద్ అంతా తర్వాత చోరీ సరుకు మీదే బతికింది.

మన దేశంలో ఇలాజ్ కూడా భాయీల చేతి మీదుగానే వచ్చింది. పుణెలో కైలాస్ కాట్కర్ కాలిక్యులేటర్లు రిపేర్ చేసేవారు. పెద్దగా చదువుకోలేదు. తమ్ముడు సంజయ్‌ని మాత్రం కంప్యూటర్ చదివించారు. రిపేర్‌కి వచ్చే మెషీన్లలో వైరస్‌లు దొరుకుతుంటే తమ్ముడు వాటికి విరుగుడు ప్రోగ్రాములు రాశాడు. 1990ల మధ్యలో అదే క్విక్ హీల్ అయింది, 2016లో స్టాక్ మార్కెట్‌కి ఎక్కింది. అంతకన్నా ముందే, 1991లో, చెన్నైలో కే7 మొదలైంది.

ఇవన్నీ అప్పట్లో ముఖ్యంగా ఎలా పనిచేసేవంటే, ప్రతి వైరస్‌కీ ఒక హులియా ఉంటుంది. పోలీస్ స్టేషన్ గోడ మీద అతికించే ఫోటో లాంటిది. కంప్యూటర్‌లోకి వచ్చే ప్రతి ఫైల్‌నీ ఆ హులియాలతో పోల్చి చూస్తాయి. కొత్త హులియాలు రోజూ కంపెనీ నుంచి దిగాలి. మా క్రాక్ యాంటీవైరస్‌కి కొన్ని వారాల్లోనే కంపెనీ తలుపు మూసేసింది. తెర మూల బొమ్మ వెలుగుతూనే ఉంది, చౌకీదార్ మాత్రం పాత ఫోటోలు పట్టుకుని కూర్చున్నాడు.

ఒక నికా రుఖా ప్రింటింగ్‌కి ఇచ్చి పెన్‌డ్రైవ్ వెనక్కి తెచ్చాను. అందులో పసుపుపచ్చ ఫోల్డర్ బొమ్మ ఉంది. నొక్కాను. అది ఫోల్డర్ కాదు, ఫోల్డర్ ముసుగేసుకున్న ప్రోగ్రామ్. ఎక్స్‌పీ ఫైల్ పేరు చివరి మూడక్షరాలు చూపించదు కాబట్టి తెలియలేదు. తెల్లారి అబ్బా ఫోల్డర్లన్నీ మాయం. దుకాణానికి మోసుకెళితే, "అంతా పోయిందన్నా, ఫార్మాట్ కొట్టాలి" అన్నారు. కొట్టమన్నాను.

మూడేళ్ల తర్వాత మా పత్రిక ఆఫీసులో ఒక సహోద్యోగి పెన్‌డ్రైవ్‌కి అదే తమాషా జరిగింది. సిస్టమ్స్ చూసే అబ్బాయి నల్ల తెర తెరిచి, 'అట్రిబ్' అని ఒక్క వరుస కమాండ్ కొట్టాడు. ఫోల్డర్లన్నీ వచ్చి కూర్చున్నాయి. ఆ జాతి వైరస్ ఏదీ చెరపదట, కనబడకుండా దాస్తుందంతే. అబ్బా రాతని వైరస్ తినలేదు. ఫార్మాట్ తినింది. ఈ సంగతి అబ్బాకి నేను చెప్పలేదు. ఆయన ఇంతెఖాల్ అయ్యేదాకా పాపం వైరస్‌నే తిట్టుకున్నారు.

ఇది మా ఒక్క ఇంటి కహానీ కాదు. లైసెన్స్ లేని విండోస్ తెర నల్లబడి, ఇది అస్లీ కాదని అందరి ముందూ చెబుతుందన్న భయంతో కుర్రాళ్లు అప్‌డేట్లు బంద్ చేసి ఇచ్చేవారు. అప్‌డేట్ అంటే గోడకి పడ్డ కన్నం పూడ్చడం. 2017 మే 12న వన్నాక్రై వచ్చి ఫైళ్లకి తాళాలేసి 300 డాలర్లు అడిగినప్పుడు, అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. మన కృష్ణా, గుంటూరు, విశాఖ, చిత్తూరు, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లే చిక్కుకున్నాయి. హులియాలు అతికించే ఇంట్లోనే దొంగ పడ్డాడు.

ఉర్దూవాళ్లకి ఇంకో ఖబర్ ఉంది. ఇన్‌పేజ్ 1994లో ఢిల్లీ కంపెనీ చేసిన సరుకు. ఉర్దూ పత్రికలు, మదర్సాలు, రుఖాలు వేసే ప్రెస్‌లు అన్నీ దాని మీదే నడిచాయి. 2016లో ఇన్‌పేజ్ ఫైళ్ల ద్వారానే ఆసియా బ్యాంకుల మీద దాడి జరిగిందని కాస్పర్‌స్కీ బయటపెట్టింది. మన జుబాన్ మారుమూలది, దాని జోలికెవరొస్తారు అనుకునేవాళ్లం కదా!

ఇక భాంజా అడిగినదానికి జవాబు. విండోస్ 8 నుంచి, అంటే 2012 నుంచి, డిఫెండర్ పూర్తి యాంటీవైరస్‌గా విండోస్‌తోనే వస్తోంది. మొదట్లో దాన్ని అందరం చులకన చేశాం. ఇప్పుడు ఇంటి వాడకానికి అది చాలు, అదీ అస్లీ విండోస్ అయి, అప్‌డేట్లు నడుస్తుంటేనే. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, పాత మెషీన్లున్న ఇళ్లలో ఇది గుర్తుంచుకోండి. పిల్లల కోసం, బ్యాంకు పనుల కోసం డబ్బు పెట్టి కొంటానంటే పుణెదో చెన్నైదో రసీదుతో కొనుక్కోండి, కాదనను. ముఫ్త్ సరుకుతో మాత్రం కాస్త జాగ్రత్త. అవాస్ట్ ఏళ్ల తరబడి ఉచితంగా పంచింది. తన వాడకందార్లు ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు అమ్ముకున్నందుకు 2024లో అమెరికాలో 1.65 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మీకు ఫోన్ చేసి "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అనేవాడు ఎవడైనా సరే, ఫోన్ పెట్టేయండి.

భాంజా లాప్‌టాప్‌లో విండోస్ కొన్నదే. కానీ హాస్టల్‌లో ఎవరో ఇచ్చిన క్రాక్ ఫోటోషాప్ వేయబోతే డిఫెండర్ అడ్డుపడిందట, "కాసేపు ఆపేయొచ్చా మామూ?" అన్నాడు. 2007లో ఆ కుర్రాడు నాతో చేయించిందీ అదే, "ఇన్‌స్టాల్ అయ్యేదాకా ఆపుదామన్నా" అని. వద్దన్నాను. ఎందుకో చెప్పాల్సి వచ్చి, అబ్బాకి చెప్పనిది వాడికి చెప్పాను.

అబ్బా నోట్‌బుక్‌లలో చెదలు తినగా మిగిలినవి రెండు. పోయిన ఈద్‌కి వచ్చినప్పుడు భాంజా వాటిని పేజీ పేజీ ఫోటో తీశాడు. ఒక హార్డ్ డిస్క్ మా ఇంట్లో, ఒకటి కైకలూరులో ఆపా అల్మారాలో. ఉర్దూ వాడికి రాదు. "ఇది ముడి పేరా, మనిషి పేరా మామూ?" అని అడుగుతుంటాడు. కొన్నింటికి నాకూ తెలియదు. చెప్పగలిగిన తంగెళ్లమూడి బుజుర్గులు ఇప్పుడు లేరు.