ఎదుట లేని గురువు: రాయపూరు పల్లెలలో ఉపగ్రహ పాఠశాల

విద్యకు గురుశిష్యుల సాన్నిధ్యము ముఖ్యమని మన పెద్దల విశ్వాసము. ఏకలవ్యుడు మట్టిబొమ్మను ముందుంచుకొని విలువిద్య నేర్చెనన్న కథను వారు వింతగా చెప్పుకొనిరే గాని లోకరీతిగా నెంచలేదు. 2020లో కరోనా వ్యాధి పాఠశాలలను మూయించగా ఇంటింట చేతిఫోనే తరగతిగది యైనది. ఇది మునుపెన్నడు లేని విడ్డూరమని పలువురు తలచిరి. కాని రాయపూరు ప్రాంతపు పల్లెలకు ఇది రెండవ అనుభవము. అంతకు నలువదియైదేండ్ల క్రిందటనే ఇచ్చటి బాలబాలికలు కంటి యెదుట లేని ఉపాధ్యాయుల పాఠములను ఆకాశమార్గమున వినిరి.

ఆ ప్రయత్నమునకు 'సైట్' అని పేరు. ఉపగ్రహము ద్వారా పల్లెలకు టెలివిజన్ చదువు నందించు ప్రయోగమది. విక్రమ్ సారాభాయి సంకల్పబలమున 1969లో భారత అణుశక్తి శాఖకును, అమెరికావారి నాసాకును ఒడంబడిక కుదిరెను. ఫలితమును చూడకయే సారాభాయి 1971 డిసెంబరులో కాలధర్మము నొందెను. 1975 ఆగస్టు 1వ తేదీన ప్రసారములు మొదలైనవి. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు ఎంపికైనవి. నాటి మధ్యప్రదేశమున అందుకు కేంద్రము రాయపూరు. నాటి ఆంధ్రప్రదేశమున తెలంగాణ పల్లెలకు ఆ భాగ్యము దక్కెను. తెలుగువారు ఇందు శ్రోతలు మాత్రమే కారు. పల్లెలలో నిలిపిన గ్రాహక యంత్రములు హైదరాబాదు నందలి ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారమున తయారైనవి. 1967లో నెలకొన్న ఆ సంస్థకు మూలపురుషుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావు. యంత్రమునకు తోడు పదియడుగుల వెడల్పున కోళ్లగూటి తీగవలతో అల్లిన గొడుగు వంటి ఏంటెన్నా. అంత సామాన్య వస్తువుతో అంతరిక్షపు మాటను పట్టవచ్చునని చూపుట చిన్న ఘనత కాదు.

ఉదయము గంటన్నర సేపు పిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు ప్రసారములు జరిగెడివి. ఉదయపు కాలమును నాలుగు భాషలకు పంచగా ఒక్కొక్క భాషకు వచ్చినది ఇరువదిరెండున్నర నిమిషములే. తెలుగు, కన్నడ కార్యక్రమములు హైదరాబాదున సిద్ధమయ్యెడివి. సాయంకాలపు వేళ ఒకే దృశ్యమునకు రెండు శబ్దమార్గము లుండుటచే, అదే బొమ్మ తెలంగాణమున తెలుగును, కర్ణాటకమున కన్నడమును పలికెడిది. హిందీ కార్యక్రమములు మాత్రము ఢిల్లీలో తయారై బీహారు, రాజస్థానము, మధ్యప్రదేశము మూడింటికిని ఉమ్మడిగా పోయెడివి. రాయపూరు పల్లెవాసి ఇంట మాటాడునది ఛత్తీస్‌గఢీ. 36,000 కిలోమీటర్ల ఎత్తునుండి దిగివచ్చిన మాటకు చివరి నాలుగడుగులే కష్టమైనవి. ఆ యేడాదిలోనే గుజరాతు ఖేడా జిల్లాలో పీజ్ ప్రసారకేంద్రమువారు గ్రామీణుల యాసను, గ్రామీణులనే తెరపైకి తెచ్చి మెప్పు పొందిరి. ఈ భేదము గమనింపదగినది.

మఱియొక చిక్కు: మాట పైనుండి క్రిందికే వచ్చెడిది. పిల్లవానికి అర్థము కాకున్నచో తెరలోని గురువునకు తెలియదు. ఆ లోటును తీర్చువాడు పల్లె పంతులు. పెట్టె సాధారణముగా బడిలోనో పంచాయతీ భవనమందో ఉండెడిది. దాని సంరక్షణ తరచుగా ఆయనదే. సమయమునకు తెరచుట, పిల్లలను కుదురుగా కూర్చుండబెట్టుట, చెడినప్పుడు కబురంపుట, తుదకు పాఠమును తన మాటలలో మరల చెప్పుట అన్నియు ఆయన మీదనే పడెను. ఈ సంగతిని కార్యనిర్వాహకులు గుర్తింపకపోలేదు. 1975 అక్టోబరులో ఒకసారి, 1976 వేసవిలో ఇంకొకసారి, పండ్రెండేసి దినములు టెలివిజన్, రేడియో, అచ్చుపాఠములు, చేతిపనులు కలిపి సుమారు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ నిచ్చిరి. అందఱిని ఒకచోటికి రప్పింపక, వారి ఊళ్లకు చేరువనే ఈ పని నడపిరి. ప్రయోగమంతటిలో మిక్కిలి ఫలించిన భాగమిదియే యనిన అతిశయోక్తి కాదు.

తెలియని శ్రోతను తెలిసికొనుటకు ఇస్రోవారు మఱియొక మంచి పని చేసిరి. మానవశాస్త్ర పరిశోధకులను కొన్ని గ్రామములలో నెలల తరబడి నివసింపజేసిరి. పరిశీలనలలో వెల్లడియైన విషయములు మిశ్రమముగా నున్నవి. చదువురాని పెద్దలకు ఆరోగ్యము మొదలగు విషయములందు తెలివిడి పెరిగెను. పిల్లల భాషాశక్తి కొంత వికసించెను. బడి మానివేయు పిల్లల సంఖ్య మాత్రము తగ్గలేదు. పొలమున చేయి అవసరమైన ఇంటికి బొమ్మలపెట్టె ఏమి సమాధానము చెప్పగలదు?

ఉపగ్రహము ఎరువు సొమ్ము. 1976 జులై 31తో గడువు ముగియగా అమెరికావారు దానిని మరలించుకొనిరి. 1977లో రాయపూరున నేలపై ప్రసారకేంద్రము వెలసెను. అదే సంవత్సరము అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ ప్రారంభమైనది. వాని పరిధికి వెలియైన ఊళ్లలో పెట్టెలు మూగవోయినవి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి విద్య కొఱకే 'ఎడ్యుశాట్' ఎగిరెను. దాని ద్వారా నడచిన తరగతులలో దూరపు విద్యార్థి గురువును తిరిగి ప్రశ్నించుటకు వీలు కలిగెను. సైట్ నాటి పల్లె బాలుడు తన సందేహమును చెప్పుకొనుటకు ప్రక్కనున్న పంతులు తప్ప వేఱు దిక్కు లేకపోయెను.