లాంగ్‌దోక్ ఎఱ్ఱ ద్రాక్షసారా

ఫ్రాన్సు దక్షిణ తీరమున లాంగ్‌దోక్ అను సీమ కలదు. కూలివాని బల్లమీదికి చౌకగా చేరిన ఎఱ్ఱ ద్రాక్షసారా అచ్చటిదే. దానికై నెత్తురు చిందిన వృత్తాంతమును మేమిచట ముచ్చటింపదలచితిమి.

19వ శతాబ్దమున ఫిలాక్సెరా అను వేరుపేను తోటలను పాడుచేసెను. రైతులు అమెరికా వేరుమొక్కలపై అంట్లుగట్టి మరల తోటలు పెంచిరి. తీరా పంట చేతికందుసరికి అధికమైన దిగుబడియు, చక్కెరనీళ్లు కలిపిన దొంగసరకును కలిసి ధరను పడగొట్టినవి.

1907 మార్చి 11న ఆర్జెలియే గ్రామమునుండి 87 మంది నార్బొన్‌కు మొరపెట్టుకొన బయలుదేరిరి. వారి నాయకుడు మార్సెలిన్ అల్బేర్, కాఫీ దుకాణము నడుపు చిన్న రైతు. జూన్ 9 నాటికి మోంపెలియేలో లక్షలకొలది జనము కూడిరి. నార్బొన్‌లో సైనికులు కాల్చగా ప్రాణములు పోయినవి. అది విని 17వ పదాతిదళము తిరుగబడినది. ఆ సైనికులలో పలువురు ఆ ద్రాక్షతోటల బిడ్డలే గదా!

అల్బేర్ పారిసు వెళ్లి ప్రధాని క్లెమాన్సోను దర్శించెను. తిరుగు రైలు ఖర్చునకై ప్రధాని యిచ్చిన 100 ఫ్రాంకుల నోటు పుచ్చుకొనెను. అంతటితో తనవారే అతనిని అమ్ముడుపోయినవాడనిరి. పాపము, అమాయకుడని మా తలంపు.

జూన్ 29న కల్తీ నరికట్టు చట్టము వచ్చినది. తాజా ద్రాక్ష పులిసిన రసమునే ఆ పేర నమ్మవలెనని సెప్టెంబరులో శాసించిరి.