నల్లగొండ యెన్నికయు సాయుధపోరాటస్మృతియు

అభ్యర్థి శబ్దము 'అభి' యను నుపసర్గముతోఁ గూడిన 'అర్థ' ధాతువువలన నేర్పడినది. యాచించువాఁడని దాని యర్థము. ఎన్నికలలో నిలుచువారి కీ పేరు తగినదే. కాని 1952వ సంవత్సరమున, ప్రథమ సాధారణ నిర్వాచనమందు, నల్లగొండ లోక్‌సభాస్థానమునకు నిలిచిన రావి నారాయణరెడ్డిని జనులు యాచకునిగాఁ గాక దాతగాఁ జూచినట్లు తోఁచుచున్నది. ఆ దృష్టికిఁ గారణ మేమో విచారింపవలసియున్నది.

నారాయణరెడ్డి 1908వ సంవత్సరమున భువనగిరి ప్రాంతమందలి బొల్లేపల్లిలో సంపన్న భూస్వామికుటుంబమున జన్మించెను. 1941లో చిలుకూరునందును, 1944లో భువనగిరియందును జరిగిన యాంధ్రమహాసభల కధ్యక్షుఁడయ్యెను. భువనగిరి సభనాఁటికి మితవాదులు వేఱుపడఁగా, నా సంస్థ వెట్టిచాకిరిచే నలిగిన రైతుకూలీలకు సొంతమయ్యెను. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండ్లకు బలియైన పిదప పల్లెలు పోరాటమునకుఁ గడంగెను. 3000 గ్రామములలో 10 లక్షల యెకరముల భూమి పంచఁబడెనని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసియున్నాఁడు.

1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదు సంస్థానమును బ్రవేశించి నిజాముపాలన నంతమొందించెను. అటుపిమ్మట సాయుధపోరాటమును గొనసాగింపరాదని వాదించినవారిలో నారాయణరెడ్డి ముఖ్యుఁడు. నాయకు లనేకు లీ వాదము నంగీకరింపలేదు. 1951 అక్టోబరు 21వ తేదీనఁ గాని పోరాటవిరమణము ప్రకటింపఁబడలేదు.

కొలఁదిమాసములకే యెన్నిక వచ్చెను. హైదరాబాదు రాష్ట్రమునఁ గమ్యూనిస్టుపార్టీ నిషేధమునం దుండుటచే, నాయన పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంటు పక్షమున నిలిచి 3,09,162 వోట్లు వడసెను. జవాహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవి 2,33,571. రెండును ద్విసభ్యస్థానములే, ఉభయత్ర వోటరునకు రెండేసి వోట్లుండెను. కావున నీ పోలిక యసంగతము గాదు.

యుద్ధము చాలింపుఁడన్నవానికి యుద్ధకీర్తి యెట్లు దక్కెను? పార్టీ తీర్మానముల తేదీలను రైతు లెక్కింపలేదనుట సహజము. వెట్టి మానిన దినము, తాను దున్నుకొన్న చెలక, తలుపులు మూసికొన్న గడీ, ఇవియే యాతనికిఁ బోరాటము. దొరలయింటఁ బుట్టియుఁ దన భూమిని బంచిపెట్టినవాఁ డనుటచే నా మార్పంతయు నొక్క మనుష్యునియందు రూపుగట్టినది.

ఆయుధధారణచేఁ బ్రసిద్ధులైనవారును దరువాత గెలిచిరి. భీమిరెడ్డి నరసింహారెడ్డి 1971లో మిర్యాలగూడ నుండి లోక్‌సభకును, మల్లు స్వరాజ్యం 1978, 1983 సంవత్సరములలోఁ దుంగతుర్తి నుండి శాసనసభకును ఎన్నికైరి. కావునఁ బోరాటవారసత్వ మేకరూపము గాదు. 1962లో నల్లగొండ మరల లోక్‌సభకుఁ బంపినది నారాయణరెడ్డినే. ఆయన 1991లో దివంగతుఁడయ్యెను.

ఆయనను దుపాకితో మాత్రమే చిత్రించు చరిత్రకారుఁడు సగమే చెప్పినవాఁడగును. పోరాడుటయుఁ, బోరు చాలించుటయు నెఱిఁగినవానికి నల్లగొండ ప్రజ లిచ్చిన తీర్పది. ఆ రెండవ గుణమును దుడిచివేసిన స్మృతి, యెంత ఘనముగఁ గీర్తించినను, ఆయనకు న్యాయము చేయఁజాలదు.