కొండ అంచున 97 మార్కులు

చీకటి. ఎవరో అమ్మాయి కళ్లు తెరవమని పిలుస్తోంది. తెరుస్తారు. మీరు పడుకున్న తొట్టిలోంచి నీలంగా మెరిసే నీళ్లు నెమ్మదిగా ఇంకిపోతున్నాయి. 100 ఏళ్లుగా ఇక్కడే నిద్రపోతున్నారని మీకింకా తెలియదు. ఆ గొంతు మిమ్మల్ని లింక్ అని పిలుస్తోంది కాబట్టి అదే మీ పేరనుకోవాలి. పెట్టెలో దొరికిన పాత బట్టలు తొడుక్కుని, వెలుగు వచ్చే వైపు పరుగెత్తి, కొండ అంచున ఆగుతారు.

కింద అడవి. కూలిపోయిన గుడి. దూరంగా నిప్పులు కక్కే కొండ. పియానో మీద ఎవరో నాలుగు స్వరాలు పలికించి ఆపేస్తారు. ఆ తర్వాత గాలి, గడ్డి చప్పుడు. ఇటే వెళ్లమని చేయి పట్టుకుని నడిపించేవాళ్లు లేరు.

కుడివైపు రాతిచరియ కింద ఒక ముసలాయన మంట వేసుకుని కూర్చున్నాడు. పక్కనే కాల్చిన ఆపిల్ ఉంది. మీరు అడక్కుండా తీసేసుకుంటారు. అది నాదంటూ కసురుకుని, మరుక్షణం నవ్వేసి తినమంటాడు. ఇలా పలకరించే ఆట నాకు మరొకటి తగల్లేదు.

ఇది 2017 మార్చి 3న నింటెండో విడుదల చేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’. విమర్శకుల మార్కులను పోగుచేసే మెటాక్రిటిక్ దీని నింటెండో స్విచ్ వెర్షన్‌కు చూపే సగటు 100కి 97. ఇంత పొగడ్తకు ఇది నిజంగా తగినదేనా? ఈ ప్రశ్నకు జవాబు ఆ కొండ మీదే వెతకాలి. పదండి.

ఎదురుగా మంచు కొండ. ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే లింక్ నోట్లోంచి ఆవిరి వస్తుంది. చేతులు ముడుచుకుని వణుకుతాడు, ప్రాణం కొద్దికొద్దిగా తగ్గిపోతుంటుంది. వెనక్కి దిగుతారు. చలికి ఏం చేస్తాం? మంట కాచుకుంటాం. అయితే ఒక కాగడా వెలిగించి పట్టుకుని వెళ్లండి, చలి తగ్గుతుంది. లేదంటే దారిలో ఎర్రగా కాసిన మిరపకాయలు కోసుకుని, కుండ కింద మంట పెట్టి అందులో వేయండి. కుండ గలగలమంటుంది, ఆ కూర తింటే ఒళ్లు వేడెక్కి కొండెక్కేయొచ్చు. ముసలాయన డైరీ తిరగేసి ఆయనకు ఇష్టమైన వంటకం చేసిపెడితే, తన చలికోటు మీకిచ్చేస్తాడు. దారిలో లోయ అడ్డొస్తే గట్టున ఉన్న చెట్టును గొడ్డలితో నరకండి. అది అటువైపు పడి వంతెనవుతుంది.

ఇందులో ఏదీ మీరు ఆట దగ్గర కొత్తగా నేర్చుకున్నది కాదు. నిప్పు కాలుస్తుందని, దుంగ నీళ్లలో తేలుతుందని, ఇనుములోంచి కరెంటు పారుతుందని మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ తెలివి ఇక్కడ పనికొస్తుంది. దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి, నిర్మాత ఐజి అవోనుమాల బృందం నిప్పు, నీరు, గాలి, కరెంటు ఒకదాన్నొకటి ఎలా తాకుతాయో ముందు నియమాలు రాసుకుంది. 1986 నాటి మొదటి జెల్డా బొమ్మల తీరులో ఒక చదునైన నమూనా చేసి వాటిని పరీక్షించింది. అందుకే ఎండుగడ్డికి నిప్పంటిస్తే మంటల పైన వేడిగాలి లేస్తుంది, ప్యారాగ్లైడర్ విప్పితే ఆ గాలి మిమ్మల్ని ఆకాశంలోకి ఎత్తుతుంది. కరెంటు చిక్కుముడిలో తీగ చాలకపోతే మీ కత్తినే మధ్యలో పడేయండి, దీపం వెలుగుతుంది. నా మటుకు నాకు 97లో ఎక్కువ మార్కులు ఇక్కడివే.

ప్యారాగ్లైడర్ చేతికొచ్చింది. మీరు నిద్రలేచిన పీఠభూమి అంచు నుంచి దూకండి. ఫుజిబయాషి తనకు బాగా తెలిసిన క్యోటో నగరం మ్యాప్‌ను ఈ లోకం మీద పరిచి, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత దూరం ఉండాలో సరిచూసుకున్నాడు. కాళ్లతో కొలిచిన దూరాలివి. ఒక గుట్ట దాటగానే దాని చాటునుంచి గోపురం కొస కనబడుతుంది. అటు నడుస్తుంటే చెరువులో రాళ్లు గుండ్రంగా పేర్చి ఉంటాయి. వెళ్లాల్సిన చోటు మరిచిపోయి చెరువులోకి దిగుతారు.

ఇప్పుడొక నిటారు కొండచరియ. ముప్పాతిక వంతు ఎక్కారు. పచ్చని స్టామినా చక్రం కరిగిపోతోంది, అంచు ఇంకో నాలుగు బారల దూరం. చినుకు పడింది. చేయి జారింది, మళ్లీ పట్టుకుంటే మళ్లీ జారింది. వాన వెలిసేదాకా ఏ రాతి కిందో మంట వేసుకుని కూర్చోవడమే. మొదటి పదిసార్లు అది అందంగానే ఉంటుంది, తర్వాత ఓపిక నశిస్తుంది. ఆయుధాలదీ ఇదే కథ. పది దెబ్బలకు కర్ర విరిగి, శత్రువు చేతిలోని గద లాక్కుని వాడినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. కానీ 60 గంటలు ఆడాక మంచి కత్తిని అరగదీయడం ఇష్టంలేక, శత్రువుల గుడారాన్ని చుట్టి పక్కనుంచి పోతారు. పోరాటం నుంచి తప్పుకోవడమే లాభమనిపించిన చోట, వాడేకొద్దీ ఆయుధాలు విరిగిపోవాలన్న నియమం ఓడిపోయినట్టే.

దీనికన్నా పెద్ద లోటు గోడల మధ్య ఉంది. దారిపొడవునా ష్రైన్లనే చిన్న చిక్కుముడి గుళ్లు 120 ఉన్నాయి, అన్నింటికీ అవే బూడిదరంగు గోడలు, అదే నీలి వెలుగు. నాలుగు మహా యంత్రమృగాల కడుపులోకి వెళ్తారు. బయట ఒకటి ఏనుగు, ఒకటి గద్ద, ఒకటి బల్లి, ఒకటి ఒంటె. లోపల అన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. పాత జెల్డా ఆటల్లో అడవి గుడి వేరు, నీటి గుడి వేరు. ఇన్నేళ్లయినా వాటి గదులు నాకు గుర్తున్నాయి. ఇక్కడివి గుర్తులేవు. నేనైతే దీనికే నాలుగైదు మార్కులు తగ్గిస్తాను.

అయినా ఒక్క చోటు చూడండి. ఆగ్నేయాన సముద్రంలో ఈవెన్‌టైడ్ అనే దీవి. తెడ్డు లేని తెప్పకు తెరచాప కట్టి ఉంటుంది. ఆకుతో గాలి విసురుకుంటూ చేరతారు. ఇసుకలో కాలు పెట్టగానే ఒక గొంతు వినిపిస్తుంది. కత్తి, విల్లు, కవచం, వండుకున్న కూరలు అన్నీ మాయమవుతాయి. చీకటి పడుతోంది. దీవి నడుమ ఒంటికన్ను రాక్షసుడు గురక పెడుతున్నాడు. అతని మెళ్లో వేలాడే గోళం మీకు కావాలి. చేతిలో ఏమీ లేదు. నేల మీద ఒక కొమ్మ, తీరాన కొబ్బరిచెట్లు. కొండ అంచున నిలబడ్డ మొదటి రోజుకు మళ్లీ వచ్చేశారు, కానీ ఈసారి మీకు అన్నీ తెలుసు.

ఇంకోనాడు తెల్లవారుజామున హైలియా వంతెన మీద నడుస్తుంటారు. ఏదో పని మీదే వెళ్తున్నారు. సరస్సు మీదుగా ఆకుపచ్చ వెలుగేదో పైకి లేస్తుంది. ఫరోష్, పొడవాటి డ్రాగన్, ఒంటి నిండా మెరుపులు. మీ వైపు చూడదు, దాడి చేయదు, మెలికలు తిరుగుతూ వంతెన పైనుంచి సాగిపోతుంది. దాని పొలుసు కావాలంటే ఇప్పుడే విల్లు ఎత్తాలి. మీరు కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టేసుకుని, అది కొండల వెనక కనుమరుగయ్యేదాకా చూస్తుంటారు.